పిన్ని తాగిన మునగాకు రసం

నాకు నోటిదూల ఎక్కువ. తాడేపల్లిగూడెంలో మా కాలేజీ ల్యాబులో కూరగాయల్లో, ఆకుకూరల్లో ఉండే పదార్థాలను క్యాన్సర్ కణాల మీద పరీక్షించేవాళ్ళం. ఓసారి మునగాకు సారం వేసిన గాజు పళ్ళెంలో కణాలు చాలావరకు చచ్చిపోయాయి. ఆ వారమే మండవల్లిలో పిన్ని వడ్డించిన ఆషాఢమాసపు మునగాకు కూర తింటూ ఆ సంగతి చెప్పాను. యాంటీఆక్సిడెంట్ల గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

"అయితే మన పెరట్లోనే మందుందన్నమాట," అంది పిన్ని.

"ఉంది మరి," అన్నాను.

నిజానికి ఆ పళ్ళెంలో ఉప్పు ఎక్కువ పోసినా కణాలు చస్తాయి. పళ్ళెంలో చచ్చినవన్నీ మనిషి ఒంట్లో చావవు. ఆ ముక్క నాకు తెలుసు. చెబితే నా గొప్ప తగ్గిపోతుందని మింగేశాను.

చలికాలంలో మళ్ళీ వెళ్ళాను. మునగచెట్టు చేతికందినంత మేరా బోడిగా ఉంది.

"ఏంటి పిన్నీ, చెట్టు మీద మేకలు పడ్డాయా?" అని ఆటపట్టించాను. పిన్ని నవ్వేసి, చేతిలో గ్లాసు కడగడానికి నూతి దగ్గరకు వెళ్ళింది. గ్లాసు అడుగున ఆకుపచ్చటి మడ్డి కనిపించింది. ఏమిటని అడగలేదు. చేపల పులుసు వేడిగా ఉందని తినడానికి కూర్చున్నాను.

ఎండాకాలానికి పిన్ని రొమ్ములో గడ్డ ఇక దాచలేనంత అయింది. ఏలూరు ఆస్పత్రికి నేనే కార్లో తీసుకెళ్ళాను. కైకలూరు దాటాక నెమ్మదిగా చెప్పింది.

"నువ్వు మునగాకు సంగతి చెప్పిన రోజుకే తెలుసమ్మా. అప్పుడు గోళీ అంత ఉండేది. ఆ మర్నాటి నుంచీ రోజూ పొద్దున్నే రసం తాగుతున్నాను."

కొల్లేరు దాటుతుంటే ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపం పిన్ని మీద కాదు.

డాక్టరుగారితో ముందుగా నా గురించే చెప్పింది, మా అమ్మాయి పరిశోధన చేస్తుందండీ అని. ఆయన రిపోర్టులు చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేశారండీ? గడ్డ ఉన్నట్టు ముందే తెలీలేదా?" అని అడిగారు.

పిన్ని నా వంక ఒకసారి చూసింది.

"తెలీలేదండీ," అంది.

నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. ఎక్కడా ఆగని నా నోరు అక్కడ లేవలేదు. కొన్ని నెలలకే పిన్ని పోయింది. ఆస్పత్రి కాగితాల్లో ఇప్పటికీ ఆవిడకు ముందుగా తెలియదనే ఉంది.