సీటు బెల్టు చివర

భద్రాచలం నుంచి ఖమ్మం వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి పేరు నేను అడగలేదు. సారపాకలో కాంట్రాక్టు పని అన్నాడు. పాత కార్లు అమ్మే యాప్‌లో ప్రకటన చూసి కొన్న నా కారు మూడోసారి ఆగిపోయి షెడ్డులో ఉందని, వైర్లన్నీ తుప్పు పట్టాయని మెకానిక్ అంటున్నాడని చెప్పాను.

“ఏడ కొన్నరు సార్?”

“బూర్గంపాడుల. నీడల పెట్టిన బండి అని అమ్మినోడు రాసిండు. లోపలంత సెంటు వాసన.”

“అయితే గోదారిల మునిగిన బండే.” లేని సీటు బెల్టును భుజం మీంచి నడుం దాకా లాగినట్టు చూపించాడు. “గిట్ల చివరిదాంక గుంజి చూడున్రి. సీట్లు కడుగుతరు, కార్పెట్లు మారుస్తరు. లోపల చుట్టుకొని ఉన్న బెల్టు ఎవ్వరు కడగరు.”

“నీకెట్ల తెలుసు?”

“వరద తగ్గినంక గా బండ్లు కడగనీకి కూలికి పోయిన సార్.”

“కొనేటోళ్ళకు చెప్పకపోయినవా?”

“నన్నెవరు అడిగిన్రు?”

ఒళ్ళు మండింది. ఖమ్మం దాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కారు ఇంటికొచ్చాక బెల్టు గుంజితే చివర్న ఎండిన ఒండ్రు పొడిపొడిగా రాలింది.

నెల తిరక్కుండా అదే యాప్‌లో నేనూ ప్రకటన పెట్టాను. ‘నీడలో పెట్టిన బండి’ అనే రాశాను. ఫొటోలు తీసే ముందు బెల్టులన్నీ చివరిదాకా లాగి, సబ్బు పెట్టి, పాత బ్రష్షుతో తోమాను. ఆ మనిషి చెప్పకపోతే అది నాకు తట్టేదే కాదు.