కుంకుడు రసానికి లొంగని గులాబీ

తిరువూరులో అద్దకం పని చేసిన జైనాబీ గోరింకలకు గులాబీ రంగు వేసి, మచ్చిక చేసుకుని, ఆదిశేషయ్య శెట్టి జొన్నచేను మీదికి తోలేదని చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొన్నో పెళ్లిలో ఒకావిడ కళ్లారా చూసినట్టే చేతులు తిప్పుకుంటూ చెప్పింది. అదంతా జరిగేనాటికి ఆవిడ పుట్టనే లేదు. జరిగింది వేరు. ఆ మాట మొదట పుట్టిన నోరు ఎవరిదో నాగేశ్వరమ్మకు బాగా తెలుసు. ఆ నోరు తనదే.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాది దాటింది. నాగేశ్వరమ్మ భర్తకు బజారులో పచారీ కొట్టు. ఆవిడ చదివింది అయిదో తరగతే గానీ ప్రశ్నలు వెయ్యడంలో ప్లీడర్లు కూడా ఆవిడ ముందు దిగదుడుపే. వీధిలో ఎవరింట్లోనైనా పొయ్యి ఆలస్యంగా రాజుకుంటే, కారణం తెలిసేదాకా ఆవిడకు అన్నం సయించదు. ఆవిడ పెరటికీ జైనాబీ పెరటికీ మధ్య కంప దడి ఒక్కటే అడ్డం. ఆ దడిలో కన్ను ఆనేంత సందు ఒకటుంది. వానకు పడిందని ఆవిడ అంటుంది.

జైనాబీ భర్త పోయాక అతని అద్దకం తొట్లు తనే అందుకుంది. కుసుమపువ్వు నానబెట్టి, పిసికి, నిమ్మరసం కలిపి పెళ్లి తలపాగాలకు గులాబీ రంగు వేసేది. ఉంటున్న ఇల్లు ఆదిశేషయ్య శెట్టిది. కోతలైపోయాక చేలవెంట తిరిగి, రాలిన జొన్న కంకులు పరిగె ఏరుకొచ్చేది. పిచ్చుకలకోసం మనం చూరుకు వరి కుచ్చులు కట్టినట్టే ఆ కంకులు కుచ్చులుగా అల్లి అటక మీద దాచేది. కార్తీకంలో జొన్నగోరింకలు దిగగానే ఒక్కొక్కటే తీసి పెరటి చూరుకు వేలాడదీసేది. కింద మూకుడుతో నీళ్లు పెట్టేది. ఆ పిట్టలకు తల నలుపు, రెక్కలు నలుపు, తక్కిన ఒళ్లంతా గులాబీ. ఎక్కణ్ణుంచి వస్తాయో ఊళ్లో ఎవరికీ తెలియదు. వానలు వెనకబట్టాక వస్తాయి, ఎండలు ముదరగానే పోతాయి.

చేటలో బియ్యం పోసుకుని నాగేశ్వరమ్మ రోజూ ఆ సందు దగ్గరే కూర్చునేది. రాళ్లు ఏరేది తక్కువ, పిట్టల్ని చూసేది ఎక్కువ. ఆవిడకు ఒక సంగతి అంతుపట్టలేదు. కార్తీకంలో మాసిన గుడ్డల్లా దిగిన పిట్టలు మాఘం వచ్చేసరికి నిగనిగలాడుతున్నాయి. ఒకనాడు ఒక గోరింక రంగు తొట్టి అంచున వాలి నీళ్లు తాగింది. ఆ పక్కనే జైనాబీ మోచేతులదాకా గులాబీ రంగుతో గుడ్డ పిండుతోంది. మర్నాడు బావి దగ్గర నాగేశ్వరమ్మ, ఆ పిట్ట రొమ్మూ జైనాబీ చేతులూ ఒకే తానులో గుడ్డల్లా ఉన్నాయని నవ్వుతూ అంది. అన్నది అంతే. సాయంత్రానికి అది జైనాబీ పిట్టలకు రంగు వేస్తోందట అయింది. సంతనాటికి మచ్చిక చేయడం, చేను మీదికి తోలడం కూడా వచ్చి చేరాయి. కార్తీకంలో మాసి ఉన్నవి మాఘంలో మెరుస్తున్నాయంటే మధ్యలో మూణ్ణెల్లు ఎవరి పెరట్లో మేశాయి అని ఒకరినొకరు అడిగేవాళ్లు.

ఆ ఏడు మంద కూడా పెద్దదే వచ్చింది. శెట్టి చేలో మంచె మీద కాపలా ఉండే రాయప్పకు వడిసెల తిప్పీ తిప్పీ భుజం వాచింది. ఊరి మాట నమ్మి శెట్టి నేరుగా జైనాబీ గుమ్మానికొచ్చాడు. కుచ్చులన్నీ ఈ వారంలోగా తీసెయ్యాలి, లేదా ఇల్లు ఖాళీ చెయ్యాలి, అన్నాడు. జైనాబీ అంతా విని లోపలికి వెళ్లింది. బతిమాలడానికి మాటలు కూడదీసుకుంటోందని వీధిలో అందరూ అనుకున్నారు. ఆమె అటక మీంచి ఇంకో కుచ్చు తెచ్చి, పీట ఎక్కి, ఆయన ఎదురుగానే చూరుకు కట్టింది.

"శెట్టిగారూ, కుచ్చు నాది, చూరు మీది. మీ చూరు మీరు పట్టుకుపోండి."

కాళ్ల మీద పడమని నలుగురూ చెప్పిచూశారు. నా పరిగె, నా కుచ్చు, పడితే ఆయనే పడాలి అంది జైనాబీ. నాగేశ్వరమ్మకు మాత్రం రెండు రోజులు ముద్ద దిగలేదు. బావి దగ్గర నవ్వులాటకి అన్న మాట ఒక ఆడదాని నెత్తిమీది నీడ లాగేసేలా ఉంది. మూడోనాడు ఆవిడ బజారులో శెట్టికున్న కొట్టుకు వెళ్లి, నలుగురూ కూర్చున్న వేళ చూసి మాట కదిపింది.

"అన్నయ్యగారూ, జైనాబీ గులాబీ మూడు ఉతుకులకు ఆగదు. ఊళ్లో ఆడవాళ్లెవర్నైనా అడగండి. మీ చేలోనే ఒక పిట్టను పట్టించండి. కుంకుడు రసంతో కడుగుదాం. రంగు పోతే జైనాబీని వెళ్లగొట్టండి. పోకపోతే ఆ ఇంటి జోలికీ ఆ కుచ్చుల జోలికీ మీరు రాకూడదు."

నలుగురి ముందూ కాదనలేక శెట్టి సరేనన్నాడు. రంగు పోతుందనే ఆయన ధీమా. నిజం చెప్పాలంటే, పోతుందేమోనని నాగేశ్వరమ్మకూ లోపల గుబులుగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే రాయప్ప వలలో ఒక గోరింకను తెచ్చాడు. వీధంతా జైనాబీ పెరట్లోనే ఉంది. నా ఇంట్లో నన్నడక్కుండా పిట్టకు తలంటేమిటని జైనాబీ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నీళ్లు మరీ వేడిగా ఉంటే మీ అందరికీ ఇక్కడే తలంటుతానని కూడా చెప్పింది. శెట్టి తన చేత్తోనే పిట్టను పట్టుకున్నాడు, ఇంకెవరినీ నమ్మక. నాగేశ్వరమ్మ రసం పోసి రుద్దింది. మొదటి నీళ్లు ఎర్రగా దిగాయి. అదిగో రంగు అని వెనకనుంచి ఎవరో అన్నారు. జైనాబీ ఆ నీళ్లలో వేలు ముంచి, ఆ వేలు శెట్టి తెల్ల కండువాకు రాసింది. అంటింది రంగు కాదు, చేను మట్టి. రెండోసారి నీళ్లు తేరుకున్నాయి. మూడోసారి పోసినవి పోసినట్టే దిగాయి. పిట్ట తడిసి నిమ్మకాయంత అయింది గానీ, దాని గులాబీ ముందుకంటే ఇంకా తేటగా కనబడింది. అది శెట్టి వేలు కసుక్కున పొడిచి, ఆయన పట్టు వదలగానే ఎగిరి పెంకుల మీద వాలింది.

శెట్టి వేలు చుట్టూ కండువా చుట్టుకున్నాడు. మాటంటే మాటే అని ఒక్క ముక్క అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండేళ్లపాటు జైనాబీతో పలకలేదు గానీ ఇల్లు ఖాళీ చెయ్యమన్న మాట మళ్లీ ఎత్తలేదు. గోరింకలు తినేది తిన్నాయి, రాయప్ప కొట్టేది కొట్టాడు.

ఆ సాయంత్రం నాగేశ్వరమ్మ దడి సందు మానేసి వీధి గుమ్మంలోంచి జైనాబీ ఇంటికి వెళ్లింది. వెళ్లి, బావి దగ్గర ఆ మాట అన్నది తనేనని చెప్పేసింది. జైనాబీ కంకులు అల్లుతూ తలెత్తలేదు.

"తెలుసక్కా. ఆ సందులోంచి మీ కన్ను కనబడుతూనే ఉంటుంది."

నాగేశ్వరమ్మ లేవబోయింది. కానీ అడగకుండా లేచి వస్తే ఆ రాత్రి కూడా ముద్ద దిగేది కాదు. అందుకని ఇన్నాళ్లూ సందులోంచి చూసిందే తప్ప అడగనిది ఎదురుగా కూర్చుని అడిగేసింది. మన పిట్టలా కావు, మన ఊరివా కావు, వాటికోసం ఉన్న ఇల్లు పోగొట్టుకోడానికైనా సిద్ధపడ్డావు, ఎందుకే, అని.

జైనాబీ ఆరేసిన తలపాగా గుడ్డ లాగి ఆవిడ ఒళ్లో వేసింది. తర్వాత చూరు మీది పిట్టను చూపించింది.

"రెండూ చూడండి. పద్నాలుగేళ్లుగా ఆ గులాబీ పట్టాలని చూస్తున్నా. నిమ్మరసం పెంచా, తగ్గించా, చింతపులుసు పోసి కూడా చూశా. రాలేదు. అది ఎదురుగా వాలితేనే కదా, ఇంకా ఎంత దూరంలో ఉన్నానో నాకు తెలిసేది? ఆ రంగు నేనే వేశానని ఊరు ఊరంతా అంది. అంత మెప్పు నా జన్మలో ఎవరూ ఇవ్వలేదక్కా. మీరేమో పనిగట్టుకుని కుంకుళ్లు కొట్టి, నేను వెయ్యలేదని తేల్చేశారు. పోనీండి. ఆ దారం ఇటందుకోండి. నాకు రంగు కుదిరిననాడు ఆ కుంకుళ్లే మళ్లీ తెచ్చి నా గుడ్డ కడుగుదురుగాని."