ఒక కప్పు కింద రెండు పొయ్యిలు

నిన్న నువ్వు ల్యాప్‌టాప్ తెరిచి, ఆ తెరలో ఇంకో చిన్న తెర తెరిచి, ఇందులో ఇంకో కంప్యూటర్ ఉంది చూడమ్మమ్మా అన్నావు. నేను నోరు వెళ్ళబెడతానని నీ మొహంలో ఎంత సంబరమో. నాకేం ఆశ్చర్యం వేయలేదు తల్లీ. ఒక యంత్రం పొట్టలో ఇంకా ఎన్నో కంప్యూటర్లు కాపురం ఉంటాయని మీ అమ్మ నాకు ఎప్పుడో చెప్పింది. నాకే కాదు, శ్రీకాకుళంలో హాలు నిండా జనం ముందు మైకు పట్టుకుని చెప్పింది. అలా చెప్పినప్పుడు ఎవరి పేరు చెప్పిందో కూడా నాకు బాగా గుర్తుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాసుకుంటానన్నావుగా, రాసుకో. మధ్యలో నవ్వకు.

రాష్ట్రం విడిపోయిన కొత్త రోజులవి. నువ్వు నా ఒళ్ళో పిల్లవి. మీ అమ్మకి బెంగుళూరులో ఉద్యోగం. వాళ్ళ కంపెనీలో బీరువా అంత యంత్రం ఒకటి ఉండేదట, మెయిన్‌ఫ్రేమ్ అంటారు. దాని లోపల వందల కంప్యూటర్లు. ఒక్కటీ కంటికి కనపడదు, చేతికి తగలదు, కానీ దేని పని అది చేసుకుపోతుంది. ప్రతి దాంట్లోనూ లినక్స్ అనే ప్రోగ్రామ్ ఒకటి నడుస్తుంది. ఆ కనపడని కంప్యూటర్లని వర్చువల్ మెషీన్లంటారు, వాటిని నడపడమే మీ అమ్మ పని. నడపడంతో సరిపోదు, మీ చిన్న చిన్న కంప్యూటర్లు మానేసి ఇందులోకి వచ్చేయండని ఊరూరా తిరిగి జనాన్ని ఒప్పించడం కూడా. మన వైపు రైసు మిల్లుల వాళ్ళూ, లారీల వాళ్ళూ తగినంత మంది ఒప్పుకుంటే అలాంటి యంత్రమే విశాఖపట్నంలో పెడతామన్నారు. పెడితే మీ అమ్మ కూడా దానితోపాటు విశాఖ వచ్చేస్తుంది. పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి నా దగ్గరుంటుంది. ఒప్పుకోకపోతే బెంగుళూరే. నాకు ఆ లినక్స్ ఏమైతే ఏం, మెయిన్‌ఫ్రేమ్ ఏమైతే ఏం? నా కూతురు దగ్గరికొస్తుందా రాదా, అదొక్కటే నాకు.

ఇక్కడ నీకు మా పొయ్యిల సంగతి చెప్పాలి. నరసన్నపేటలో ఈ ఇంట్లోకి నేను కోడలిగా వచ్చేసరికే పెద్ద కోడలు ఉంది. మా బావగారి భార్య, నాకు తోడికోడలు, మీ అమ్మకి పెద్దమ్మ. అక్కని మన వైపు అప్ప అంటాం కదా, నేనూ ఆవిడని అప్పా అని పిలిచేదాన్ని. కొన్నాళ్ళకి మా అత్తగారు మా ఇద్దరి పొరపొచ్చాలు చూసి, ఇల్లు విడగొట్టడం ఇష్టం లేక, వంటిల్లు విడగొట్టారు. మధ్యలో నిలువెత్తు మట్టిగోడ, అటు అప్ప పొయ్యి, ఇటు నా పొయ్యి. కట్టెలు మాత్రం పెరట్లో ఒకే చోట, మా అత్తగారి చేతి కింద. ఎవరి పొయ్యి మీద పని ఎక్కువుంటే వాళ్ళకి ఎక్కువ కట్టెలు, పని లేని పొయ్యికి తక్కువ. పొలం కూలీలకి అప్పే వండేదని ఎప్పుడు చూసినా దొడ్డు కట్టెలన్నీ అటే వెళ్ళేవి. ఇటు నేను చితుకులు ఎగదోసుకుంటూ కూర్చునేదాన్ని. ఆ కట్టెల సంగతి కూడా మర్చిపోయేదాన్నేమో గానీ, మీ అమ్మ ఉందే, నడక వచ్చిన రోజు నుంచీ కంచం పట్టుకుని గోడ చుట్టూ తిరిగి అటు వెళ్ళిపోయేది. ఆవిడ చేసే వంకాయ ఎండునెత్తళ్ళ పులుసు కోసం. నేనూ అవే ఎండు చేపలు, అవే వంకాయలు, అదే చింతపండు వేసేదాన్ని. మీ అమ్మ ఒక ముద్ద తిని ఊరుకునేది. కాసేపటికి గోడ అవతలి నుంచి అప్ప గొంతు నెమ్మదిగా వినపడేది, "నీ కూతురు ఇక్కడ తింటంది, కంగారు పడకు." నాకు కంగారెందుకు. కడుపు రగిలేది.

ఆ శ్రీకాకుళం మీటింగుకి ముందు మీ అమ్మ సెలవు పెట్టి వచ్చింది. మిల్లుల వాళ్ళకి ఇదంతా ఎలా చెప్పాలో తెలియక గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. నేను ఆలోచించి, లాడ్జిలో గదులుంటాయి కదా, అలా చెప్పవే అన్నాను. బాగుందమ్మా అంది. నా కూర తిని బాగుందనే గొంతుతోనే అంది. సాయంత్రం అటు పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో, తిరిగొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

మర్నాడు శ్రీకాకుళంలో హాలు. అప్ప మోకాళ్ళ నొప్పులని రాలేదు. నిన్ను ఎత్తుకోవడానికి నేను వెళ్ళాను. మీ అమ్మ మైకు పట్టుకుని, మా ఇంట్లో మా పెద్దమ్మకో పొయ్యి ఉండేదని మొదలెట్టింది. ఇల్లేమో మెయిన్‌ఫ్రేమ్, పొయ్యిలేమో లినక్స్ కంప్యూటర్లు, కట్టెలు పంచే మా నాయనమ్మ లాంటి ప్రోగ్రామ్ ఒకటి పైన కూర్చుని ఎవరికి ఎంత బలం కావాలో అంత ఇస్తుందంది. జనం తలలూపుతున్నారు. పెద్దమ్మ పొయ్యి ఇలాగ, పెద్దమ్మ పొయ్యి అలాగ. నాది ఏమిటో తెలుసా? 'ఇంకో పొయ్యి'. కన్నదాన్ని, దాని పిల్లని ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నదాన్ని, నేను ఇంకో పొయ్యి.

అప్పుడు సాలూరు లారీల ఆయన ఒకడు లేచాడు. ఆయనతో పోటీ పడే ఇంకో లారీల ఆయన అదే వరసలో కూర్చుని ఉన్నాడు.

"అంతా బాగానే ఉన్నాది గాని పాపా, ఒక కప్పు కింద ఉన్నాక పక్కోడి కుండలోకి తొంగి సూడకుండా ఉంటారేటి? నా లారీ ఎక్కడికెల్తందో ఈడికి తెలిస్తే నా యాపారం ఏటవ్వాల?"

ఒకదాంట్లోది ఇంకోదానికి కనపడకుండా లోపల అడ్డుగోడలుంటాయని మీ అమ్మ చాలాసేపు చెప్పింది. ఆయన వినలేదు. యంత్రం మాట నువ్వు చెప్తావులే, ఆ ఇంట్లో వండుకున్న మనిషి చెప్తే నమ్ముతానన్నాడు. వెనక నుంచి ఇంకొందరు అవునన్నారు. మీ అమ్మ మొహం పాలిపోయింది. అప్పుడు గుర్తొచ్చాను నేను. మా అమ్మ ఇక్కడే ఉందంది.

"సెప్పప్పా," అన్నాడాయన నా వైపు తిరిగి. "గోడ ఇటుదేదైనా అటెల్లేదా?"

వెళ్ళింది కదా. ఒక్కటే వెళ్ళింది. అదే మైకు పట్టుకుని నా ఎదురుగా నిలబడి ఉంది. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. అంటే హాలంతా నవ్వేది, మీ అమ్మ బెంగుళూరు రైలెక్కేది.

"నా కుండలోది అటెల్లనేదు, ఆయమ్మ కుండలోది నేను సూడనేదు నాయినా," అన్నాను. "ఆ నెత్తళ్ళ పులుసులో ఏటేసేదో నాకు ఈరోజుకీ తెల్దు. తెలిస్తే నేనూ అలాగే ఒండేదాన్ని గదా."

హాలు గొల్లుమంది. లారీల ఆయన కూడా నవ్వి కూర్చున్నాడు. తోడికోడలికి కూడా తెలియనంత గోడైతే నా లారీలకి చాలన్నాడట తర్వాత మీ అమ్మతో. అందరూ కాదు గానీ కావలసినంత మంది ఒప్పుకున్నారు. ఆ యంత్రం విశాఖ వచ్చింది, దాని వెనకే మీ అమ్మా వచ్చింది.

అలా నా కూతుర్ని దగ్గరికి తెచ్చుకున్నాను. తెచ్చుకుని ఏం చూశాను? వారం వారం శనివారం బస్సు దిగేది, అలా నడుచుకుంటూ ముందు అటువైపు గుమ్మంలోకి వెళ్ళేది. పెద్దమ్మా, ఆకలేస్తోంది అనే మాట నాకు ఇక్కడికి వినపడేది. ఈ మధ్యలో కట్టెలు పోయి గ్యాస్ వచ్చింది, కట్టెలు పంచే మనిషీ పోయింది, ఆ మట్టిగోడని మీ తాతయ్యే కొట్టించేశారు. కాలం ఇంట్లో ప్రతిదాన్నీ కలిపేసింది గానీ, శనివారం పూట మీ అమ్మ చెప్పులు ముందు ఏ గుమ్మంలో విప్పుతుందోనని నా చెవి ఇంకా అటే వేసుకుని కూర్చుంటాను.