అన్నంతో కట్టిన గట్టు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఓసారి, రైల్‌రోకో వల్ల మా రైలు జనగామలో ఆగిపోయింది. పట్టాల మీద వంటావార్పు పెట్టుకున్నవాళ్లు మాకూ విస్తళ్లలో అన్నం, పప్పుచారు తెచ్చిచ్చారు. నా ఎదుట రేగొండ నుంచి వచ్చిన దంపతులు కూర్చున్నారు. ఆమెను హైదరాబాద్‌లో క్యాన్సర్ దవాఖానకు తీసుకెళ్తున్నాడాయన. ఊరి చెరువుకు ఆయనే నీరటి. తూము తీసి పొలాలకు నీళ్లు పారించే మనిషి.

"ఏం సదువుతున్నవు బిడ్డా?" అన్నాడు.

జన్యువులను తెరిచి మూసే ప్రొటీన్ల మీద పరిశోధన అన్నాను. పిండానికి కన్నూ కాలూ ఏర్పడేది వాటివల్లే. మూయాల్సిన జన్యువు తెరిచే ఉండిపోతే కణాలు ఆగకుండా పెరిగి క్యాన్సర్ అవుతుందని చెప్పాను.

"అలాంటి ఒక ప్రొటీన్‌ని పూర్తిగా ఆపేసే మందు చేస్తున్నాం" అన్నాను గొప్పగా. ఆ మందుతో ఎలుకల్లో కణితులు తగ్గినా, వాటి కడుపులోని పిల్లలు సరిగా ఎదగడం లేదని మాత్రం చెప్పలేదు.

ఆయన విస్తరిలో అన్నంతో చిన్న చిన్న మడులు కట్టి చారు పారించాడు. ఒకచోట గట్టు తెగింది. అక్కడ ముద్ద పెట్టి వేలితో అదిమాడు.

"తూమే మూస్తే ఊరంత ఎండుతది బిడ్డా. గండి పడ్డకాడనే కట్టాలె."

"ఈయనకు యాడికి పోయినా గిదే పని. ఆ పిల్లను జర తిననియ్యి" అని ఆమె నవ్వింది.

ల్యాబుకు తిరిగి వెళ్లాక ఆ మందు పక్కన పెట్టి, చెడిన కణాల్లోనే పనిచేసేదాని కోసం వెతకడం మొదలుపెట్టాను. ఆమె ఏమైందో నాకు తెలియదు.

ఇన్నేళ్లకు మొన్న, మా కొత్త మందుతో కణితి కరిగిన ఒక ఎలుక పిల్లల్ని పెట్టింది. ఒక్కోదాన్నీ అరచేతిలోకి తీసుకుని చూశాను. వేళ్లన్నీ ఉన్నాయి.