దామోదర్ మీది మొక్కు

మెదక్‌లో రాందాస్ చౌరస్తా దాటి కొంచెం ముందుకు పోతే ఎడమ చేతికి దామోదర్ ఎరువుల దుకాణం వస్తుంది. ఆయన సొంతూరు శివ్వంపేట. కొడుకు సందీప్ హైస్కూల్‌కి వచ్చిన ఏడు పొలం కౌలుకిచ్చి మెదక్‌లో దుకాణం పెట్టాడు. ఇప్పుడు అరవైకి దగ్గర పడ్డాడు. తాగుడు లేదు, పేకాట లేదు. కోపం వచ్చినా పూట కూడా నిలవదు. ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క యావ మాంసం.

ఆదివారం ఎండ పొడవక ముందే పరశురాం మటన్ దుకాణం ముందు దామోదర్ స్కూటర్ ఆగేది. మేకైనా గొర్రైనా యాటను కళ్ళతో చూస్తే తప్ప కొట్టనిచ్చేవాడు కాదు. ముందు కాలు, పక్కటెముకలు, పైన కాసింత కార్జం. ఏ తునక ఎంత ఉండాలో వేలితో చూపించేవాడు. ఆయన వచ్చేదాకా మంచి యాటను ముట్టుకోకుండా పక్కన పెట్టడం పరశురాంకు అలవాటైపోయింది. ఇంటికి తెచ్చాక కూడా దామోదర్ కుదురుగా కూర్చునేవాడు కాదు. పొయ్యి దగ్గరికి వచ్చి మూత తీసి చూసేవాడు, అల్లం తక్కువైందనేవాడు, భార్య నర్సమ్మ కసిరితే బయటికి పోయి మళ్ళీ వచ్చేవాడు. వారం మధ్యలో కోడికూర ఉండాలి. అది లేని రోజు గుడ్డో, ఎండు చేపో ఉండాలి. కూరగాయలంటే ఆయన లెక్కలో మాంసం లేని పూట గడవడానికి వండేవి.

నర్సమ్మ కూడా తినేది కానీ ఉంటే తినేది, లేకపోతే అడిగేది కాదు. ఆమె పుట్టింటి వాళ్ళు యాదగిరి నర్సింహ స్వామి భక్తులు. శనివారాలు, ఏకాదశులు పట్టేవాళ్ళు. అత్తగారింటికి వచ్చాక మాంసం వండటం ఆమె పని, తినడం దామోదర్ పని అన్నట్టు సంసారం సాగిపోయింది.

రెండు వానాకాలాల కిందట సందీప్ కూతురు వర్షితకు జ్వరం వచ్చింది. అప్పుడామె రెండో తరగతి. మొదట మామూలు జ్వరమే అనుకుని మందులు వాడారు. తగ్గలేదు. రక్తం పరీక్ష చేస్తే డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, ఇక్కడ పెట్టుకోలేం, హైదరాబాద్ తీసుకుపొమ్మని మెదక్ డాక్టరు చెప్పాడు. సందీప్, కోడలు పిల్లతో అంబులెన్సులో పోయారు. దామోదర్, నర్సమ్మ వెనుక కారులో పోయారు.

ఆ పెద్ద దవాఖానలో పిల్లను లోపలుంచి వీళ్ళను బయట ఇనుప కుర్చీల్లో కూర్చోమన్నారు. నర్సు తలుపు తీసినప్పుడల్లా నలుగురూ లేచి నిలబడేవాళ్ళు. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తున్నా లెక్క పెరగలేదు. ఒకరోజు మరీ కిందికి పోయిందని చెప్పారు. కోడలు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. నర్సమ్మ మెట్ల దగ్గర గోడకున్న దేవుడి పటం ముందుకు పోయి, తలమీద కొంగు కప్పుకుని చాలాసేపు నిలబడింది. ఆమె పెదవులు కదలడం దామోదర్ చూశాడు. ఆయనకు దేవుడి మీద నమ్మకమూ లేదు, కోపమూ లేదు. గుడికి పోదామంటే పోయేవాడు, ప్రసాదం ఇస్తే తినేవాడు, అంతే.

మరునాటి నుంచి లెక్క మెల్లగా పైకి రావడం మొదలుపెట్టింది. ఇక భయం లేదని డాక్టరు చెప్పిన పొద్దుటి పూట, కింద క్యాంటీన్‌లో చాయ్ తాగుతుండగా నర్సమ్మ విషయం చెప్పింది.

"ఇగో, నీకొక మాట చెప్పాలె. పొల్ల బతికితే నువ్వు నీసు ముట్టవని నర్సింహ స్వామికి మొక్కిన."

దామోదర్ గ్లాసు కింద పెట్టాడు. "నేనా?"

"నువ్వే."

"నీది నువ్వు మొక్కుకోవచ్చు గదా. నాదెట్ల మొక్కినవ్?"

"నేను తింటే ఎంత, తినకుంటే ఎంత. అది ఇచ్చినా దేవుని లెక్కల పడదు," అంది నర్సమ్మ. "ఇంట్ల ఉన్నదాంట్ల పెద్దది ఇయ్యాలె గదా. మనింట్ల నీ తిండి కన్న పెద్దది నాకేం కనబడలె."

దామోదర్ మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, సరే అన్నాడు. ఆ పూట ఆయన్ను దుకాణం అమ్ముతావా అని అడిగినా సరే అనేవాడు.

ఇంటికి వచ్చాక మొదట్లో ఏమీ అనిపించలేదు. పిల్ల లేచి తిరుగుతోంది, అదే చాలనిపించింది. ఆదివారం సందీప్ పోయి మటన్ తెచ్చాడు. దామోదర్ పప్పు పోసుకుని తిని లేచాడు. ఆ తర్వాతి ఆదివారం పప్పులో ఉప్పు సరిపోలేదన్నాడు. ఆ తర్వాత బీరకాయ కూర చేదుగా ఉందని, గోకరకాయ పీచు పీచుగా ఉందని, అన్నం మెత్తబడిందని రోజుకొక వంక పెట్టేవాడు. నిజానికి ఆయన వంకల్లో కొంత నిజముంది. ఇన్నేళ్ళూ నర్సమ్మ మనసు పెట్టి వండింది మాంసమే. కూరగాయలకు ఇంత నూనె, ఇంత కారం, ఇన్ని నీళ్ళు పోసి మూత పెట్టేసేది. అడిగేవాళ్ళు లేక ఆ కూరలు అట్లాగే ఉండిపోయాయి.

దుకాణంలో పరిస్థితి ఇంకొక తీరు. మధ్యాహ్నం పక్క హోటల్లో చికెన్ వేపుడు చేసే వేళకు ఆ వాసన నేరుగా ఎరువుల బస్తాల మధ్యకు వచ్చేది. అప్పుడు దామోదర్ మందు డబ్బాలు సర్దుతున్నట్టు లోపలి గదిలోకి పోయేవాడు. విత్తనాల కోసం వచ్చిన రైతులు, పటేలుకు ఒంట్లో బాగలేదా, చిక్కినట్టున్నాడు అని అడిగేవాళ్ళు. దావత్‌లకు పిలిచేవాళ్ళు రెండు మూడు సార్లు అడిగి, తర్వాత పిలవడం తగ్గించారు. మాంసం తినని దామోదర్‌ను ఏం పెట్టి మర్యాద చేయాలో వాళ్ళకు తోచలేదు.

సందీప్ ఒకరోజు తండ్రితో నేరుగానే మాట్లాడాడు. పిల్లను బతికించింది డాక్టర్లు, మందులు అని, అమ్మ పిచ్చి నమ్మకం కోసం ఈ వయసులో నోరు కట్టుకోవాల్సిన పని లేదని అన్నాడు. తనకూ తెలుసునన్నాడు దామోదర్. తెలిసి ఎందుకు మానినట్టు అని కొడుకు అడిగాడు. అడిగినందుకు సంతోషమే వేసింది కానీ, మీ అమ్మ ఒప్పుకుంటే తింటానని అనడానికి నోరు రాలేదు.

దసరా వచ్చింది. దసరా నాడు మాంసం లేని ఇల్లు ఆ వాడలో వెతికినా దొరకదు. వాకిట్లో పెద్ద పొయ్యి పెట్టి బగార అన్నం, మటన్ వండారు. శివ్వంపేట నుంచి చుట్టాలు వచ్చారు. అందరూ వరుసగా కూర్చున్నారు. దామోదర్ విస్తట్లో పప్పు, పచ్చి పులుసు, రెండు వడలు పడ్డాయి. ఎవరూ ఆయన వైపు చూడకుండా తినాలని ప్రయత్నం చేస్తున్నారు. అది ఆయనకు తెలుస్తోంది. చివరి బంతిలో ఆడవాళ్ళు కూర్చున్నారు. దామోదర్ చేయి కడుక్కుని వస్తూ చూస్తే నర్సమ్మ విస్తట్లో మటన్ ఉంది. పక్కన కూర్చున్న కోడలు వేస్తే కాదనలేక వేయించుకుంది, మామూలుగా కలుపుకుని తింటోంది.

ఆయన అక్కడే ఆగిపోయాడు. "నా నోరు కట్టి నువ్వు తింటున్నవా?"

చుట్టాల మధ్య అంత మాట ఆయన ఎన్నడూ అనలేదు. నర్సమ్మ చేయి ఆగింది. ఆ తునకలు తీసి కోడలి విస్తట్లో వేసి, ఒట్టి అన్నం తిని లేచింది. ఆ తర్వాత ఆమె కూడా ముట్టలేదు. మానినట్టు చెప్పలేదు, ఆయన అడగలేదు. అన్న మాట వెనక్కి తీసుకుందామని దామోదర్‌కు రెండు మూడు సార్లు అనిపించింది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాడు.

అయితే ఇద్దరూ తినకపోయేసరికి నర్సమ్మ వంట మారింది. చలికాలంలో అనపగింజలు ఒలిచి, మటన్‌కు వేసినట్టే అల్లం వెల్లుల్లి, గసాలు, కొబ్బరి నూరి వండింది. దామోదర్ రెండోసారి అడిగి వేయించుకున్నాడు. బాగుందని మాత్రం అనలేదు. పుంటికూరలో పచ్చిమిర్చి దంచి వేసి కొత్త తీరుగా చేసింది. చింతచిగురు వచ్చే రోజుల్లో దాన్ని పప్పుతో వండింది. మటన్‌తో వండితే దాని రుచి ఎట్లా ఉంటుందో ఇద్దరికీ తెలుసు. ఆ పూట ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.

ఎండాకాలంలో టేక్మాల్‌లో పెళ్ళి వచ్చింది. దామోదర్ దగ్గర పాతికేళ్ళుగా ఎరువులు కొంటున్న పరమేశ్ కూతురి పెళ్ళి. మోకాళ్ళ నొప్పులని నర్సమ్మ రాలేదు, సందీప్‌కు పని ఉంది. దామోదర్ ఒక్కడే బస్సెక్కి పోయాడు. షామియానా కింద భోజనాలు నడుస్తున్నాయి. అక్కడ ఆయన మొక్కు సంగతి ఎవరికీ తెలియదు. పరమేశ్ చేయి పట్టుకుని తీసుకుపోయి కూర్చోబెట్టాడు. వడ్డించే మనిషి బకెట్ పట్టుకుని వచ్చి, అడగకుండానే గరిటె నిండా మటన్ వేసి ముందుకు పోయాడు.

దామోదర్ దాని వైపు చూశాడు. వద్దనే వీలు దాటిపోయిందని తనకు తాను చెప్పుకున్నాడు. మొదటి తునక నోట్లో పెట్టుకున్నాక ఇక ఏమీ చెప్పుకోలేదు. కట్టెల పొయ్యి మీద వండిన కూర, ముదరని యాట. రెండోసారి వేయించుకున్నాడు. మూడోసారి పిలిచి మరీ వేయించుకున్నాడు. చాలా నెలల తర్వాత కడుపుతో పాటు మనసు కూడా నిండింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని హాయిగా నిద్రపోయాడు. ఇంటికి వచ్చాక, పెళ్ళిలో ఏం తిన్నావని నర్సమ్మ అడిగితే పప్పు, వంకాయ అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు.

ఆ వారంలోనే వర్షితకు జ్వరం వచ్చింది.

బడి నుంచి వచ్చి పడుకుంది, ఒళ్ళు కాలుతోంది. సందీప్ వెంటనే దవాఖానకు తీసుకుపోయి రక్తం పరీక్షకు ఇప్పించాడు. రిపోర్టు పొద్దున వస్తుందన్నారు. ఎండాకాలపు జ్వరమే అయి ఉంటుంది, పరేషాన్ కావద్దని డాక్టరు చెప్పాడట. ఆ మాట సందీప్ ఫోన్లో చెప్తే దామోదర్ విన్నాడు. విని దుకాణంలో కూర్చోలేక షట్టర్ దించి ఇంటికి వచ్చాడు. తను టేక్మాల్‌లో తిన్నదానికీ పిల్ల జ్వరానికీ ఏ సంబంధం లేదని ఆయనకు బాగా తెలుసు. ఆ మాట దారంతా అనుకుంటూనే వచ్చాడు. ఇంట్లోకి వచ్చి, చెప్పులు విడిచి, ఎన్నడూ లేనిది నేరుగా దేవుడి అర్ర ముందు పోయి నిలబడ్డాడు. ఏమని అడగాలో, చేతులు ఎట్లా పెట్టుకోవాలో కూడా సరిగా తోచలేదు. నోటికి వచ్చిన నాలుగు మాటలు లోలోపల అనుకుని బయటికి వచ్చి, పిల్ల మంచం పక్కన కూర్చున్నాడు.

పొద్దున రిపోర్టు వచ్చింది. డెంగీ కాదు, ఏమీ కాదు. రెండు రోజుల్లో జ్వరం దిగి, పిల్ల గోల పెట్టి మామిడిపండు అడిగి తింది.

ఆ సాయంత్రం వాకిట్లో నర్సమ్మ బొబ్బర కాయలు ఒలుస్తుంటే దామోదర్ పక్కన వచ్చి కూర్చున్నాడు. టేక్మాల్‌లో మటన్ తిన్నానని చెప్పాడు. ఆమె తల ఎత్తలేదు.

"తెల్సు. అంగీ ఉతికేటప్పుడే వాసన చెప్పింది."

"మరి అడగలె?"

"ఏమడుగుత?" నర్సమ్మ చేటను పక్కకు జరిపింది. "నేను గూడ నీకొకటి చెప్పలె. పోయిన కార్తీకంల యాదగిరి పోయినప్పుడు అయ్యగారిని అడిగిన. ఒకల నోటి మీద ఇంకొకలు మొక్కితే చెల్లదన్నడు. మీ ఇంటాయనకు ఇష్టముంటే చెయ్యొచ్చు, లేకుంటే దోషం లేదన్నడు."

"గప్పుడే ఎందుకు చెప్పలె?"

"నీ బీపీ తగ్గింది. డాక్టర్ గూడ మంచిగున్నదన్నడు. ఇంక కొన్ని రోజులు నడవనీ అనుకున్న." తల వంచుకునే అంది, "నాదే తప్పు. ఇగ నువ్వు తినొచ్చు. ఆదివారం పోయి తెచ్చుకో."

దామోదర్ చేట తన వైపుకు లాక్కున్నాడు. చేటలోంచి ఒక కాయ తీసుకుని ఒలవబోయాడు. అలవాటు లేక గింజ ఎగిరి దూరంగా పడింది.

"నీది చెల్లకపోతే చెల్లకపాయె," అన్నాడు చివరికి. "మొన్న పొల్లకు జరమొచ్చిననాడు నేనే మొక్కిన. ఇగ నాకు నేనే మొక్కిన గదా, దాన్ని ఏ అయ్యగారిని అడుగుత?"

నర్సమ్మ అప్పుడు తల ఎత్తి ఆయన వైపు చూసింది. దసరా నాడు అట్లా అనకుండా ఉండాల్సిందని దామోదర్ అన్నాడు. ఆమె గింజలు చేటలో ఒక పక్కకు చేర్చుతూ, అది అప్పుడే మరిచిపోయానంది. మరిచిపోలేదని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ ముట్టలేదు. అట్లాగని కోరిక చచ్చిందని ఎవరితోనూ గొప్పలు చెప్పుకోలేదు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు వచ్చి, మీరు కూడా మంచి దారికి వచ్చారంటే, తనకు దారి సంగతి తెలియదని, తినాలని మాత్రం రోజూ ఉంటుందని చెప్తాడు. పెళ్ళిళ్ళలో కూరగాయల భోజనం పెట్టే మూలకు తానే పోయి కూర్చుంటాడు. అక్కడ వంకాయ బాగుంటే వంటవాణ్ణి పిలిచి ఎట్లా చేశావని అడిగి వచ్చి నర్సమ్మకు చెప్తాడు. ఆమె అట్లా చేసి పెడితే, అక్కడిదే బాగుందంటాడు.

వర్షిత ఇప్పుడు నాలుగో తరగతి. మాంసమంటే ప్రాణం. తాత మొక్కు సంగతి ఆ పిల్లకు చెప్పొద్దని ఇంట్లో అందరూ అనుకున్నారు. తన మూలంగా తాత మానాడని తెలిస్తే ఆ బరువు పిల్ల మీద పడుతుందని సందీప్ భయం. మొన్నొక ఆదివారం ఆ పిల్ల తాత పక్కనే కూర్చుని తింటూ ఉన్నట్టుండి అడిగింది.

"తాతా, నీకు మటన్ తినబుద్ధి కాదా?"

"అయితది."

"మరి తినవేంది?"

వంటింట్లో నర్సమ్మ చేతిలో గరిటె ఆగింది. దామోదర్ అన్నం కలుపుకుంటూ, ఇదివరకు మస్తు తిన్నానని, ఇక చాలనుకున్నానని చెప్పాడు. పిల్లకు ఆ జవాబు సరిపోయింది. ఆమె పళ్ళెంలో నల్లి బొక్క ఒకటి ఉంది. అటు తిప్పి, ఇటు తిప్పి ఎంత పీల్చినా లోపలిది రావడం లేదు. దామోదర్ కాసేపు చూసి ఊరుకోలేకపోయాడు.

"గట్ల కాదు బిడ్డా. ఆ పక్కకు తిప్పి పళ్ళెం మీద జర గట్టిగ కొట్టు. ఆ, ఇంకొకసారి."

మూలుగ జారి అన్నం మీద పడింది.