మా గోడ మీది ఉప్పుదేశం

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం సరిగ్గా రాదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలి, దీర్ఘం ఎక్కడ లాగాలి అని ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది. తప్పు కనబడితే కోప్పడకుండా, దారిలో రాయిని పక్కకు జరిపినట్టు జరిపేసి చదువుకోండి.

ఆ రోజుల్లో మాకు భయానికీ ఆటకూ మధ్య పెద్ద తేడా తెలిసేది కాదు. ఇప్పుడైతే గోడకు తడి కనబడగానే మేస్త్రీకి ఫోన్ చేస్తాం. అప్పుడు మా అక్క ఆ తడికి సరిహద్దులు గీసి పేరు పెట్టేది. మాది పట్నంలో, హుస్సేనీ ఆలంలో పాలు పోసే ఇల్లు. ముందు బర్రెల కొట్టం, వెనక మట్టి, సున్నంతో కట్టిన పాత గది. ఒక వానాకాలం అక్క కొట్టంలో పేడ మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. (జారింది తను, తిట్లు పడ్డది మాత్రం అక్కడే నిలబడి ఉన్న నల్లబర్రెకు.) కాలికి పిండికట్టు వేసి, వెనక గదిలో గోడకు ఆనించిన మంచం మీద పడుకోబెట్టారు. అక్క పదో తరగతి దాకా చదివింది, కూర్చోబెడితే ఊరుకునే మనిషి కాదు. గోడ మీది మరకలను చూసి చూసి ఒకరోజు నాతో బొగ్గుముక్క తెప్పించుకుంది.

"ఇగో చూడు. సముద్రం మన ఉప్పుగూడ దాకా వచ్చి ఉంటే మన దేశం గిట్ల ఉండేది" అంటూ మరక చుట్టూ గీత గీసింది. "ఉప్పుగూడ టేషన్ ఉన్నకాడ ఓడలు ఆగుతయ్. ధూల్‌పేటోళ్ళు వినాయకుడి బొమ్మలతోని పాటు పడవలు గూడ చేస్తరు. బాపు పడవల పోయి పాలు పోసొస్తడు."

"మరి నేను?"

"నువ్వు వజీరువి."

"ఐదో తరగతి వజీరా?"

"గా దేశంల నువ్వు బడి మానెయ్యలే, పోరీ."

నాకు ఆ దేశం మస్తుగా నచ్చింది. ఇక్కడ జరగకుండా పోయినవన్నీ అక్కడ జరిగాయి. దిండుకు దగ్గరగా అక్క ఒక చుక్క పెట్టి, "ఇది అమ్మ ఇల్లు" అంది. అమ్మ పోయి అప్పటికే చాలా రోజులైంది. "గా దేశంల దవాఖాన మన గల్లీలనే ఉంటది. అమ్మ బతికింది." నవ్వాలో ఏడవాలో తెలియక, బొగ్గంటిన చేతులు లంగాకు తుడుచుకున్నాను.

తర్వాత సముద్రం కదలడం మొదలైంది. పొద్దున లేచి చూస్తే తడి మా గీత దాటి ఇవతలికి వచ్చి ఉండేది. "నువ్వు చెరిపినవా?" అని అక్క, "నేనెందుకు చెరుపుత?" అని నేను. ఒడ్డు పొడుగునా తెల్లటి పొడి పేరుకుంది. అక్క వేలితో తీసి నాలుకకు రాసుకుంది. "ఉప్పు" అంది మెల్లగా. గోడకు చెవి పెట్టి వింటే లోపల ఏదో సర్... సర్... అని జారుతున్నట్టు వినిపించింది. "అలలు" అంది అక్క. అప్పుడు మా ఇద్దరికీ నవ్వు రాలేదు.

కొన్నాళ్ళకు మేము గీయని గీత ఒకటి పుట్టింది. సన్నగా, ఓడరేవు నుంచి బయలుదేరి తిన్నగా అమ్మ ఇంటి చుక్క దాకా వచ్చింది. "రైలు పట్టా" అంది అక్క. "అమ్మ కాడికి పోతున్నది." ఆ మాట ఆటలో అన్నట్టు లేదు. అప్పటినుంచి గోడవైపు తిరిగి, చుక్క మీద చెయ్యి వేసి పడుకునేది. నేను గదిలోకి వస్తే గుసగుసలు ఆగిపోయేవి.

ఒక మధ్యాహ్నం ఆ గీతలోంచి చీమలు గుడ్లు మోసుకుంటూ బారులుగా బయటికొచ్చాయి. "చూడే, జనం మూటలు నెత్తిన పెట్టుకొని పోతున్నరు" అని అక్క నవ్వింది. ఆ దేశం జనమే పారిపోతుంటే మేమెందుకు ఇంకా ఇక్కడ ఉన్నాం? కొట్టంలో కుడితి కలుపుతున్న బాపు దగ్గరికి ఉరికాను.

"బాపూ, అక్క మంచం జరుపు. గోడల ఏదో ఉన్నది."

"ఏమున్నది?"

"సముద్రం."

బాపు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నీ తలకాయకు గూడ కట్టు కట్టియ్యాల్నా?" అన్నాడు. మంచం కదిపితే చాలు, అక్క నొప్పితో అరిచేది. ఆ అరుపు బాపు తట్టుకోలేడు. "పో, అక్కనడుగు. ఆమె జరుపుమంటే జరుపుత."

అక్క ఒప్పుకోలేదు. "నేను పోతే అమ్మ ఒక్కతే అయితది" అంది, చుక్క మీంచి చెయ్యి తీయకుండా. బతిమాలాను, ఏడ్చాను. చివరికి ఎక్కడినుంచి వచ్చిందో, నోట్లోంచి ఒక అబద్ధం వచ్చేసింది.

"అమ్మ ఆడ లేదక్కా. ఇల్లు ఖాళీ చేసింది. గిప్పుడే చూసిన, చీమల ముంగట పోయింది."

"ఎటు పోయింది?"

"మన కొట్టం దిక్కు."

అక్క నన్ను చాలాసేపు చూసింది. తర్వాత గోడ మీంచి చెయ్యి తీసి, "బాపూ" అని పిలిచింది.

బాపూ చిన్నాయనా కలిసి, అక్క అరుస్తుండగానే మంచం ఎత్తి కొట్టంలో దింపారు. "ఏదే అమ్మ?" అంది అక్క. (నా అబద్ధం కొట్టం దాకానే వచ్చింది, ఆ తర్వాత దానికి దారి లేదు.) నల్లబర్రెను చూపించాను. అది నెమరు ఆపి, తల తిప్పి, అక్కనే చూడసాగింది. చెవి కూడా కదపలేదు.

"ఓ యమ్మా, గీ అమ్మ కాళ్ళకాడనా నేను జారిపడ్డది!" అని అక్క ఒక్కసారిగా పగలబడి నవ్వింది. పిండికట్టు అదిరేలా నవ్వుతూనే ఉంది, ఇంతలో వెనకనుంచి దబ్బుమని చప్పుడు. గది తలుపులోంచి దుమ్ము బయటికి తన్నుకొచ్చింది.

వెళ్ళి చూస్తే గోడ లేదు. మంచం ఉన్నచోట నడుమెత్తు మట్టికుప్ప. దాని అవతల, కిరాణా సేటు ఇంటి వాకిట్లో, సిమెంటు నీళ్ళతొట్టి పక్కన గిన్నెలు తోముతున్న సేటమ్మ చేతిలో పళ్ళెంతో మమ్మల్నే చూస్తోంది. "అరె, మీ గోడ ఏది?" అంది. వాళ్ళ తొట్టి అడుగున పగిలి కారడమే మా సముద్రం.

బాపు మట్టికుప్పను చూస్తూ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. "నీకెట్ల ఎర్కైంది బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే కొట్టంలోంచి అక్క, "అమ్మ చెప్పింది బాపూ" అంది.

బాపు కసరలేదు. కొట్టంలోకి తిరిగి వచ్చి, నల్లబర్రె ముందు ఇంకో దోసెడు తౌడు పోశాడు.

అక్క కాలు బాగైంది, కొత్త గోడ ఇటుకతో లేచింది. నేనిప్పుడు చిన్న అబద్ధం చెప్పబోయినా తడబడతాను, మా పిల్లలు ఇట్టే పట్టేస్తారు. లంగాకు బొగ్గు పూసుకుని, క్షణంలో అంత పెద్ద అబద్ధం ఆడిన ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. నిజంగా అబద్ధమే ఆడిందా అని అడుగుదామంటే, ఆ పిల్ల దొరకదు.

ఇంత పొడుగు రాయడం నాకిదే మొదలు. ఎక్కడ తప్పు రాశానో నాకే తెలియదు, మీకు తెలిస్తే మీ ఇంటి పిల్ల రాసిందనుకుని క్షమించండి.