ఎర్ర కారు, పసుపు దీపం, మా మావయ్య

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా అత్తయ్య ఫోన్ చేసి, "అమ్మడూ, మీ మావయ్య లేవట్లేదే" అంది. అరవలేదు, ఏడవలేదు. అన్నం తిని పడుకున్న మనిషి టీ వేళకి లేవకపోతే విసుక్కున్నట్టే అంది. నేను మా దీవిలోనే ఇంకో పేట అయిన డైరీ ఫార్మ్ నుంచి వాళ్ళుండే జంగ్లీఘాట్ చేరేసరికి పక్కింటి డాక్టరు గారు వచ్చి చూసి, చెప్పాల్సింది చెప్పేసి, వరండాలో నిలబడి ఉన్నారు. చర్చి బోర్డు మీద 'ప్రభువునందు నిద్రించిరి' అని రాశారు. అందరికీ అలాగే రాస్తారు. మా మావయ్య విషయంలో మాత్రం అది అక్షరాలా నిజం.

ఆయన మా అమ్మకి అన్నయ్య. ఓడల ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. మా తెలుగు చర్చిలో హార్మోనియం వాయించేవారు. చర్చి పత్రిక వాళ్ళు ఆయన గురించి నాలుగు మాటలు రాయమని నన్ను అడిగినప్పుడు, గొప్ప గాయకుడనీ గొప్ప భక్తుడనీ రాస్తే బాగుంటుందని కూడా సూచించారు. ఆయన గొప్ప గాయకుడు కాదు, గొంతు కొంచెం గరగరగా ఉండేది. భక్తి సంగతి ఆయనకీ దేవుడికీ తెలియాలి. నాకు బాగా తెలిసింది ఆయన కారు, ఆ కారులో వెలిగిన ఒక దీపం. కాబట్టి అదే రాస్తున్నాను. చదివేవాళ్ళు క్షమించాలి.

ముందు ఆయన చెవి గురించి చెప్పాలి. కీర్తనలు సాధన చేయించేటప్పుడు ఎవరైనా తొందరపడితే ఒక చెయ్యి పైకెత్తి, "ముందు వినండి" అనేవారు. అంతే, ఇంకేం అనరు. ఆ మాట ఫ్యాను దగ్గరా అనేవారు, ప్రెషర్ కుక్కరు దగ్గరా అనేవారు. నాకు డ్రైవింగ్ నేర్పేటప్పుడు కూడా అదే పాఠం. రోడ్డు చూడు అని చెప్పాల్సిన చోట "క్లచ్ వదిలేముందు విను" అనేవారు. నేను వింటూ వింటూ ఒకసారి మురుగు కాలవలోకి దించాను. అప్పుడు కూడా ఆయన తిట్టలేదు. దిగి చూసి, "షిప్పు వచ్చాక చూద్దాం" అన్నారు. సామాను రావాలన్నా, సంబంధం కుదరాలన్నా, పైకప్పు కారడం ఆగాలన్నా ఆయన నోట అదే మాట.

రిటైరయ్యాక ఆయన మేడ మీద గది వేస్తారని అందరం అనుకున్నాం. ఆయన మాత్రం బదిలీ మీద మెయిన్‌ల్యాండ్ వెళ్ళిపోతున్న ఒక కుర్ర ఆఫీసరు దగ్గర ఎర్ర కారు కొన్నారు. టర్బో బండి. చూడడానికి మామూలుగానే ఉంటుంది. కానీ ఆ కుర్రాడు సరదాకొద్దీ దాని సైలెన్సరు గొట్టం మార్పించాడు. పొగని శుభ్రం చేసే కన్వర్టరు పీకించేశాడు. గేరు మార్చినప్పుడల్లా లోపలి ఒత్తిడిని బయటికి వదిలే ఒక వాల్వు పెట్టించాడు. దాంతో ఎత్తు ఎక్కుతూ గేరు మారిస్తే బండి 'ప్ష్‌!' అని పెద్దగా బుస కొట్టేది.

మావయ్య కొన్నది కారుని కాదు, ఆ చప్పుడునే అని నాకు ఇప్పటికీ అనుమానం. బతుకంతా ఫైళ్ళూ కీర్తనలూ తప్ప ఇంకో సరదా ఎరగని మనిషి, జంగ్లీఘాట్ నుంచి గోల్ ఘర్ ఎక్కే దారిలో రెండో గేరు నుంచి మూడోది వేసి, ఆ బుస వినగానే లోలోపల నవ్వుకునేవారు. దారి పక్క పిల్లలు "అంకుల్, ఏక్ బార్ ఔర్!" అని ఇంకోసారి కోసం అరిచేవాళ్ళు. అత్తయ్య పక్క సీట్లో కూర్చుని కిటికీ వైపు తిరిగి, "చర్చి పెద్ద అంట, చర్చి పెద్ద" అని గొణిగేది.

అత్తయ్యకి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. మందు పీల్చే పంపు లేకుండా గడప దాటదు. కారు పెట్టే షెడ్డు సరిగ్గా వంటింటి కిటికీ కింద ఉంది. రోజూ పొద్దున్నే మావయ్య అక్కడే ఇంజను స్టార్ట్ చేసి, కాసేపు అలా ఆన్‌లోనే ఉంచి, చెవి పెట్టి వినేవారు. ఆ గొట్టంలోంచి వచ్చే ఘాటు వాసన పోపు వాసనని కూడా మింగేసేది. అత్తయ్య దగ్గు పెరిగింది. వానాకాలం కదా అనుకున్నాం. మా దీవుల్లో ఏది వచ్చినా వాన మీదకి తోసెయ్యడం మామూలే.

అప్పుడు వెలిగింది ఆ దీపం. స్టీరింగ్ వెనక, ఇంజను బొమ్మతో, పసుపు రంగులో. స్టార్ట్ చేశాక ఆరిపోవాల్సింది, ఆరలేదు. అది వెలిగితే ఇంజను నడిరోడ్డు మీద ఆగిపోతుందని అత్తయ్యకి ఎవరో చెప్పారు. ఆవిడ ఊరుకునే రకం కాదు. ఆ ఆదివారమే చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడి, "మా కార్లో పసుపు దీపం ఒకటి ఎలుగుతోందండి. అది ఆరిపోయేలాగ అందరూ ప్రార్థన చెయ్యండి" అంది. దీపాలు ఆరిపోకూడదని పాడుకోవడం అలవాటైన సంఘం అది. పాస్టరు గారు ఒక్క క్షణం తటపటాయించి, కళ్ళు మూసుకున్నారు.

మావయ్య అంతవరకు ఆగలేదు. అంతకు ముందు రోజు శనివారమే నన్ను వెంటబెట్టుకుని డైరీ ఫార్మ్‌లో మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్ళారు. అతను చిన్న యంత్రం తగిలించి చూసి నవ్వాడు.

"ఇంజన్ ఫస్ట్ క్లాస్ ఉంది అంకుల్. కన్వర్టర్ లేదు కదా, పొగ గందా, మురికిగా వస్తోందని సెన్సార్ గోల పెడతోంది. సెన్సార్‌ని పొగకి థోడా దూర్ జరిపేస్తా. మధ్యలో చిన్న ముక్క పెడతాను. లైట్ అప్నే ఆప్ అదే పోద్ది."

"మరి పొగ?" అన్నారు మావయ్య.

"పొగ పొగే అంకుల్. అదెవరికి కనిపిస్తది? సరిగ్గా చెయ్యాలంటే కన్వర్టర్ మెయిన్‌ల్యాండ్ నుంచి రావాలి. ఆ వాల్వ్ ఉన్నా పొగ గందాయే, అది కూడా తీసి కంపెనీది వెయ్యాలి. ఆ తర్వాత మీ ప్ష్‌ ఖతమ్."

మావయ్య చాలాసేపు కారు చుట్టూ తిరిగారు. ముక్క సోమవారం పెట్టెయ్యమన్నారు. చనిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇలాంటివి వదిలేస్తారు. వదిలేస్తే ఆయనే చెయ్యి పైకెత్తి నన్ను ఆపుతారు.

సోమవారం ఆ ముక్క పెట్టారు, దీపం ఆరింది. ఎలా ఆరిందో ఇంట్లో చెప్పలేదు. వారమంతా బుస కొడుతూ తిరిగారు. ఆ తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. అత్తయ్య కొంగు సర్దుకుని లేచింది.

"మీ అందరి ప్రార్థన దేవుడు విన్నాడండి. మా కారు దీపం ఆరిపోయింది. ఏ మేస్త్రీ చెయ్యి పెట్టకుండానే..."

అందరూ "స్తోత్రం" అన్నారు. అత్తయ్య ఇంకేదో చెప్పబోయింది. దగ్గు వచ్చింది. ఆగలేదు. వంగిపోయి బెంచీ పట్టుకుంది. నేను పరిగెత్తి సంచీలోంచి పంపు తీసిచ్చాను. తిరిగి చూస్తే మావయ్య హార్మోనియం ముందు కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ మెట్ల మీద ఉన్నాయి, చప్పుడు లేదు. ఆ మనిషి అలా వినడం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు ఆయన మళ్ళీ మెకానిక్ దగ్గరికి వెళ్ళి ఆ ముక్క తీయించేశారు. దీపం మళ్ళీ వెలిగింది. నేను అడిగాను, ఎందుకు మావయ్యా అని. "దీపం ఆర్పేశాను. దగ్గు ఆగలేదు కదే" అన్నారు. అత్తయ్యకి అంతా చెప్పారట. ఆవిడ ఒక రోజంతా మాట్లాడలేదు. దగ్గుకి కాదు, సంఘం ముందు అబద్ధానికి దేవుడి పేరు చెప్పించినందుకు.

అందుకని ఆ తర్వాతి ఆదివారం ఆయనే లేచారు. మామూలుగా సాక్ష్యం చెప్పే మనిషి కాదు. హార్మోనియం పక్కనే నిలబడి అన్నారు: "పోయిన వారం మా ఆవిడ చెప్పినదాంట్లో తన తప్పేం లేదు. ఆ దీపం దేవుడు ఆర్పలేదు, నేను ఆర్పించాను. దొంగతనంగా. ఇప్పుడు మళ్ళీ ఎలుగుతోంది. ఆ బండికి ఒక కన్వర్టరు కావాలి. ఎవరైనా వైజాగ్ వెళ్తుంటే నాకు చెప్పండి." అని కూర్చుని తర్వాతి కీర్తన మొదలుపెట్టేశారు. తప్పు ఒప్పుకోవడమూ సామాను పురమాయించడమూ ఒకే ఊపిరిలో కానిచ్చిన మనిషిని నేను ఇంకొకరిని ఎరగను. నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఆయన మీద నాకు ఎంత గౌరవం కలిగిందంటే, ఆ తర్వాత ఆయన ఏం చేసినా అది తగ్గలేదు.

మా ఊళ్ళో ఎవరైనా మెయిన్‌ల్యాండ్ వెళ్తున్నారంటే, వాళ్ళ పెట్టెలో సగం పక్కవాళ్ళదే. మందులు, చీర ఫాల్సులు, మిక్సీ జార్లు, అన్నీ అలాగే వస్తాయి. సండే స్కూల్ టీచరమ్మ చెల్లెలి పెళ్ళికి వైజాగ్ వెళ్తూ ఉంది. మావయ్య పురమాయింపు మీద అక్కడి షాపు వాళ్ళు ఇచ్చిన ఇనుప డబ్బాని దుప్పట్లో చుట్టి, ఆవకాయ జాడీ పక్కన పెట్టుకుని వచ్చింది. ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిపించి ఇదేమిటని అడిగారట. "మా హార్మోనియం మాస్టారి కారుదండీ. పొగని కడుగుద్ది" అందట. వాళ్ళు దాన్ని పంపించారు, ఆవకాయ గురించే ఎక్కువసేపు మాట్లాడారట.

అది వచ్చేవరకు మావయ్య షెడ్డులో ఇంజను స్టార్ట్ చెయ్యలేదు. పొద్దున్నే పక్కింటి డాక్టరు గారినీ, దారిన పోయే ఆటో భయ్యానీ పిలిచి, కారుని రోడ్డు దాకా తోయించేవారు. వంటింటి కిటికీకి దూరంగా వెళ్ళాకే తాళం తిప్పేవారు. ఎదురుగా ఆ పసుపు దీపం వెలుగుతూనే ఉండేది. దాని మీద టేపు ముక్క అతికించమని ఎవరో సలహా ఇస్తే, "ఉండనీ, కనబడాలి" అన్నారు.

కన్వర్టరు బిగించారు. పాత వాల్వు తీసి కంపెనీది వేశారు. దీపం నిజంగా ఆరింది. పొల్యూషన్ పరీక్ష కూడా పాసైంది. బండి ఆఫీసు ఫైలు కదిలినంత నెమ్మదిగా కదలడం మొదలుపెట్టింది. గోల్ ఘర్ దారిలో పిల్లలు కొన్నాళ్ళు ఎదురుచూసి మానేశారు. అత్తయ్యకి ఉబ్బసం పోలేదు, అది పోయేది కాదు. కానీ పొద్దున్న వంటింట్లో దగ్గు తగ్గింది. అప్పటినుంచి ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. తాళం తిప్పగానే దీపాలన్నీ ఒకసారి వెలుగుతాయి కదా, పసుపు దీపం ఆరేవరకు ముందుకి వంగి చూసేది. ఆరాక, "ఆరింది. ఇంక పోనీ" అనేది. ఆ మాట అయ్యేవరకు మావయ్య బ్రేకు మీద నుంచి కాలు తీసేవారు కాదు.

చప్పుడు పోయినందుకు ఆయన ఒక్కసారి కూడా బాధపడ్డట్టు మాట్లాడలేదు. కానీ ఒక రోజు నేను వెనక సీట్లో ఉన్నాను. ఎత్తు దగ్గర ఆయన మూడో గేరు వేస్తూ, పెదాలు బిగించి, చాలా మెల్లగా, నోటితోనే "ప్ష్‌" అన్నారు. నేను నవ్వు ఆపుకోలేక నోట్లో చున్నీ కుక్కుకున్నాను. అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ తర్వాత ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా ఆయన అలాగే చేసేవారు. పక్క సీటు వరకు వినబడదని ఆయన నమ్మకం. అత్తయ్య ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు, ఒక్క మాటా అనలేదు.

సమాధి దగ్గర పాస్టరు గారు ఆ దీపాన్నే ఉపమానంగా తీసుకుని చాలాసేపు మాట్లాడారు. మావయ్య ఉంటే మధ్యలో చెయ్యి ఎత్తేవారు. అంతా అయ్యాక అత్తయ్యని తీసుకెళ్ళడానికి నేనే ఎర్ర కారు తీశాను. గోల్ ఘర్‌లో మా పెద్దమ్మ గారి ఇంట్లో భోజనాలు, అక్కడికి వెళ్ళాలి. అత్తయ్య తన సీట్లోనే కూర్చుంది. తాళం తిప్పాను. దీపాలన్నీ వెలిగాయి. ఆవిడ ముందుకి వంగింది. పసుపుది కూడా ఆరింది.

"ఆరింది. ఇంక పోనీ" అంది.

జంగ్లీఘాట్ దాటాక ఎత్తు మొదలైంది. క్లచ్ తొక్కి మూడో గేరు వేశాను. పక్క సీట్లోంచి, కిటికీ వైపు తిరిగి ఉన్న మొహంలోంచి, మెల్లగా, తడబడకుండా వినబడింది.

"ప్ష్‌."

నేను అటు చూడలేదు. బండి బాగానే ఎక్కుతోంది. అవసరం లేకపోయినా రెండో గేరుకి దించి, మళ్ళీ మూడోది వేశాను.